ఏడు మీటర్ల పేగు

ఫిబ్రవరి 3

బాబాయ్,

ఈ ఉత్తరం పిన్నికి పైకి చదివి వినిపించే ముందు ఒకసారి నీలో నువ్వు చదువుకో. ఇందులో పేగులున్నాయి. పిన్ని భోజనం దగ్గర ఉంటే నన్ను తిట్టిపోస్తుంది.

నేను కులాసా. నా గొంతు ఒక్కటే కులాసాగా లేదు. ముప్పైయొక్క మంది ఆరేళ్ళ పిల్లల మధ్య రోజూ అరిచి అరిచి, ఇప్పుడు నా నోట్లోంచి మాటకు బదులు గాలి వస్తోంది. మొన్న "కూర్చోండి" అంటే తరగతిలో ఒక్కరికీ వినపడలేదు గానీ కిటికీ అవతల పిల్లి కూర్చుంది.

సంగతేమిటంటే, మా పెద్ద టీచరమ్మ సోమవారం పొద్దున్నే నన్ను పిలిచి, "మార్చి రెండో వారం దాకా ఒకటో తరగతికి ఒకటే పాఠం. మన ఒళ్ళు. లెక్కల్లో ఒళ్ళు, భాషలో ఒళ్ళు, బొమ్మల్లో ఒళ్ళు, పాటలో ఒళ్ళు, డ్రిల్లులో ఒళ్ళు. పద్నాలుగున తల్లిదండ్రులొచ్చి చూస్తారు. బాగుంటే నీ ఉద్యోగం ఖాయం" అంది. బాగుండకపోతే ఏమిటో చెప్పలేదు. ఆవిడ చెప్పని మాటలే గట్టిగా వినపడతాయి.

లెక్కలు పళ్ళతో మొదలుపెట్టాను. తరగతి మొత్తానికి అయిదువందల తొంభై ఎనిమిది పళ్ళు. బోర్డు మీద పెద్దగా రాసుకున్నాం. మర్నాటికి రెండు తగ్గాయి. ఒకటి దానంతటది ఊడింది, ఇంకొకటి ఆ ఊడినదాన్ని ఎవరు దాచుకోవాలన్న తగాదాలో ఊడింది. తీసివేతలు ఇంత తొందరగా ఏ పిల్లలూ నేర్చుకుని ఉండరు.

ఇప్పుడు నీతో పని. నాకొక కోటు కుట్టిపెట్టాలి. మామూలు కోటు కాదు. ముందు గుండీలు విప్పితే లోపల గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పొట్ట, మూత్రపిండాలు, మూత్రాశయం, పేగులు అన్నీ ఉండాలి. అన్నీ గుడ్డతో కుట్టి దూది కూరినవి. ఒక్కోదానికీ టిచ్ బటన్లు. పిల్లలు పీకి, చేత్తో పట్టుకుని చూసి, మళ్ళీ దాని చోట్లో దాన్ని అతికించాలి. గుండె పిడికిలంత ఉండాలి. కాలేయం కుడివైపు, పొట్ట ఎడమవైపు. చిన్నపేగు ఏడు మీటర్లు.

ఆయన కొలతలు ఇవిగో: ఛాతీ 40, నడుము 34, చేతి పొడుగు 25. నువ్వు నేర్పినట్టే రెండు వైపులా విడివిడిగా చూశాను. భుజం నుంచి నడుము దాకా ఎడమ పదిహేడున్నర, కుడి పదిహేడు.

తొందరగా కుట్టు బాబాయ్. నా బతుకు నీ సూది మొన మీద ఉంది.

గాలి మాత్రమే మిగిలిన
నీ అన్నకూతురు

*

ఫిబ్రవరి 8

అమ్మడూ,

నీలో నువ్వు చదువుకో అని రాశావు. పెదాలు కదపకుండా చదవడం నాకు చేతకాదని నీకు తెలియదా? మీ పిన్ని మొత్తం వింది. పేగుల దగ్గర ఏమీ అనలేదు. కొలతల దగ్గర మాత్రం చేతిలో గిన్నె కింద పెట్టేసి, "మళ్ళీ చదవండి" అంది.

కోటు మొదలుపెట్టాను. అయితే కొన్ని అనుమానాలున్నాయి. కాలేయం కుడివైపు అన్నావు. ఎవరి కుడి? నలభై ఏళ్ళుగా మనుషులకు ఎదురుగా నిలబడి కొలుస్తున్నాను, నా కుడి ఎప్పుడూ వాళ్ళ ఎడమే. వేసుకున్నవాడి కుడే అసలు కుడి అనుకుని అటే కుట్టాను. మూత్రాశయానికి గుడ్డ కత్తిరిస్తుంటే ఒక గిరాకీ వచ్చి "ఇదేం జేబండీ?" అని అడిగాడు. ఏం చెప్పను? "లోపలి జేబు" అన్నాను. ఇక పేగు ఏడు మీటర్లని రాశావు. చుక్క ఎక్కడో జారిపోయి ఉంటుంది. ఏడు మీటర్లంటే మన కొట్టు గుమ్మం నుంచి వీధికి అవతల చెప్పుల దుకాణం దాకా వస్తుంది. అంత సరుకు కడుపులో పెట్టుకుని ఎవడు నడుస్తాడు? డెబ్భై సెంటీమీటర్లు కుట్టాను.

ఆ కొలతల మనిషి గురించి నువ్వేమీ రాయలేదు. అక్కర్లేదు. నలభై ఏళ్ళు టేపు మెళ్ళో వేసుకున్నవాణ్ణి, కొలత చెబితే మనిషిని చెబుతాను. ఛాతీ నలభై, నడుము ముప్పైనాలుగు. పొట్ట లేదు, అంటే పెళ్ళి కాలేదు. కుడి భుజం అరంగుళం దిగింది, అంటే అటు సంచీ మోస్తాడు, కష్టపడే మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు దాటవు. ఒప్పుకో.

నీ బాబాయి

అమ్మాయ్, నేను పిన్నిని. ఈయన రాసిన దాని కింద కాస్త చోటుంటే రాస్తున్నాను. "ఆయన కొలతలు" అని రాశావు. పేరు లేదు, ఊరు లేదు, ఒట్టి "ఆయన". నేను మీ బాబాయిని ముప్పైఅయిదేళ్ళుగా "ఆయన" అంటున్నాను, ఆ మాటకి అర్థం నాకు తెలియదా? మంచివాడేనా? కోపిష్ఠి కాదు కదా? మూత్రాశయం కుట్టేటప్పుడు మీ బాబాయి సిగ్గుపడ్డాడు. పెళ్ళయ్యాక ఈయన సిగ్గుపడగా చూడటం ఇదే మొదలు.

*

ఫిబ్రవరి 12

బాబాయ్, పిన్నీ,

నిలబడి రాస్తున్నాను, కూర్చునే తీరిక లేదు.

చుక్క ఎక్కడా జారలేదు బాబాయ్. ఏడు మీటర్లే! మడతలు మడతలుగా చుట్టుకుని ఉంటుంది. నేను చెబితే పిల్లలూ నమ్మలేదు. వరండాలో సుద్దముక్కతో గీత గీసి కొలిచాం. గీత చివర నిలబడి ఒకడు నా వైపు చూసి, "టీచర్, ఇంత నీలో ఉందా?" అన్నాడు, నేనేదో దొంగతనం చేసినట్టు. సాయంత్రం వాడే ఇంటికెళ్ళి, "నాన్నా, నీ కడుపులో ఏడు మీటర్లుంది, అందుకే బయటికొచ్చింది" అన్నాడట. తండ్రి పొద్దున్నే బడికొచ్చాడు. కోప్పడ్డానికి వచ్చి వరండాలో గీత చూసి, దాని పక్కన తనూ నాలుగడుగులు వేసి, పొట్ట తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

భాష పాఠమే కొంప ముంచింది. "మన ఒంట్లో ఏమేం ఉంటాయో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకురండి" అన్నాను. కడుపులో ఎలుకలు, గుండెల్లో రైళ్ళు, చెవిలో జోరీగ, ముక్కు మీద కోపం అని రాసుకొచ్చారు. ఒక పిల్ల అయితే, "మా నాన్నకి బుర్ర లేదు. అమ్మ చెప్పింది" అని రాసింది. కింద తల్లి సంతకం కూడా ఉంది. ఎలుకలు నిజం కావని ఎంత చెప్పినా వినరు. కోటులో ఎలుక ఎక్కడుంటుందని రోజూ అడుగుతున్నారు.

ఆయన మా డ్రిల్లు మాస్టారు పిన్నీ. బంగారం లాంటి మనిషి. పిల్లలు ఆయనంటే చెవి కోసుకుంటారు, నేనూ అంతే. మొన్న పెద్ద టీచరమ్మ అందరి ముందూ "మాస్టారు మా బడికి తలలో నాలుక" అంది. ఆ పూట డ్రిల్లు జరగలేదు. ఆయన్ని కింద కూర్చోబెట్టి ముప్పైయొక్క మందీ వరసగా జుట్టు పాయలు తీసి వెతికారు. ఆ కోటు వేసుకోవడానికి ఆయన తప్ప ఇంకెవరూ నా కళ్ళకి ఆనలేదు. మిగతా సంగతులు కలిసినప్పుడు చెబుతాను, వింటే పిన్ని పొట్ట చెక్కలవుతుంది.

ఇంకో పని, తిట్టకు. పద్నాలుగున పిల్లలందరికీ మెళ్ళో తగిలించుకుని నడుముకి కట్టుకునే ఏప్రన్లు కావాలి. వాటి మీద లోపలి బొమ్మలు వాళ్ళే గీసుకుంటారు. నీ దగ్గర మిగిలిపోయిన గుడ్డముక్కలు చాలు. కొలతల కాగితం జత చేశాను. అదీ లెక్కల పాఠమే: మన ఒంట్లో కుడి ఎడమలు సమానమా? అని రెండు వైపులా కొలిపించాను. వాళ్ళే ఒకరినొకరు సెంటీమీటర్లలో కొలుచుకున్నారు. పేర్లకు బదులు నంబర్లు.

గంట కొట్టారు. వెనక బల్ల మీద ఒక పిల్ల ఉంది, దానికి "ఎందుకమ్మ" అని పేరు పెట్టాను. డ్రిల్లులో అందరికన్నా వెనక, ప్రశ్నల్లో అందరికన్నా ముందు. "ముక్కుకి రెండు కన్నాలెందుకు, నోరు ఒకటే ఎందుకు?" అని నిన్నటి నుంచి నా వెంట పడింది. నీకేమైనా తెలిస్తే రాయి.

పరుగు మీదున్న
నీ టీచరు

*

ఫిబ్రవరి 20

అమ్మడూ,

మూట ఒకటి పంపుతున్నాను. పైన కోటు ఉంది. పేగు ఏడు మీటర్లే కుట్టాను. గులాబీ రంగు లైనింగ్ గుడ్డ చాలక చివరి రెండు మీటర్లూ పూలగుడ్డ వేశాను, ఏమీ అనుకోవద్దని మాస్టారితో చెప్పు. పొట్టకి జిప్పు పెట్టాను. తీస్తే లోపల ఎలుక ఉంటుంది. నువ్వు రాశావు కాబట్టి కుట్టాను. అది ఒంట్లో భాగమో కాదో నువ్వూ నీ పిల్లలూ తేల్చుకోండి.

కోటు కింద ఏప్రన్లున్నాయి. మీ పిన్నీ నేనూ చెరో వైపు కూర్చుని కుట్టాం. నీ కొలతల కాగితం మాత్రం గోడకి అంటించుకున్నాను. విసుగొస్తే చదువుకుని నవ్వుకుంటున్నాను. తొమ్మిదో నంబరు పిల్లకి నడుము అయిదు సెంటీమీటర్లు. ఇరవైరెండో వాడికి తల చుట్టూ మూడు మీటర్లు. ఇరవైఆరో వాడికి కుడిచెయ్యి ఉన్నచోట "కదులుతున్నాడు" అని రాసి ఉంది. అందుకని అందరికీ ఊహ మీదే కత్తిరించాను.

కానీ పదిహేడో నంబరు దగ్గర చెయ్యి ఆగింది. నడుము నుంచి నేలకి ఎడమ 68, కుడి 65న్నర. భుజం నుంచి నేలకి ఎడమ 92, కుడి 90. మోకాలి నుంచి కూడా అంతే, కుడి తక్కువ. ఈ పిల్లని నువ్వొకసారి కొలువు. నలభై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఏదో తేడా ఉంది.

మూట అట్టడుగున ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పొద్దని మీ పిన్ని ఒట్టు వేయించుకుంది.

ముక్కు సంగతి: ఒకటి దిబ్బడేస్తే ఇంకొకటి ఉంటుందని. నోరు రెండుంటే మీ పిన్నిని ఊహించుకో.

నీ బాబాయి

చదివాను. ఆ చివరి ముక్క ఆయనతో ఇక్కడ తేల్చుకుంటాను. అడుగున ఉన్నది మాస్టారి చేతికే ఇవ్వు. – పిన్ని

*

ఫిబ్రవరి 23

అయ్యో బాబాయ్! అయ్యయ్యో పిన్నీ!

ఎక్కడ మొదలుపెట్టనో తెలియడం లేదు. మూట టీచర్ల గదిలో విప్పాను, పెద్ద టీచరమ్మ ముందు. కోటు తీశాను, అందరూ ఆహా అన్నారు. ఏప్రన్లు తీశాను, ఓహో అన్నారు. అడుగు నుంచి నల్లటి సూటు తీశాను. పట్టు లైనింగుతో, పై జేబులో మడతపెట్టిన తెల్లటి చేతిగుడ్డతో. ఎవరూ ఏమీ అనలేదు.

డ్రిల్లు మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుండీలు విప్పి, జేబులన్నీ వెతికి, "ఇందులో పేగులెక్కడమ్మా?" అన్నారు. పేగులు దొరకలేదు, పిన్ని చీటీ దొరికింది. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు: "నాయనా, మా అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ మనసు మంచిది. వంట రాదు. నువ్వు నేర్చుకో."

పిన్నీ, మాస్టారికి యాభైఏడేళ్ళు! వచ్చే నెల రిటైరవుతున్నారు! పెళ్ళయి ముప్పైమూడేళ్ళు. ఇద్దరు మనవలు. రోజూ తాడాట ఆడతారు కాబట్టి పొట్ట లేదు బాబాయ్, పెళ్ళి కాక కాదు!

నేను నేలలోకి కుంగిపోయాను. ఆయన మాత్రం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని సూటు తొడుక్కున్నారు. గీత గీసినట్టు సరిపోయింది. "జన్మలో సూటు వేసుకోలేదమ్మా. రిటైరయ్యే రోజు ఇది వేసుకుని ఇంటికెళితే మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేస్తుంది" అన్నారు. పెద్ద టీచరమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఈ బడిలో అది ఎవరూ చూడని వింతట.

కుడి భుజం సంగతి నువ్వు చెప్పిందే. ముప్పై ఏళ్ళు బంతుల సంచీ మోశారట. సగం మార్కులు వేస్తున్నాను.

ఇక పదిహేడో నంబరంటావా, అది మన ఎందుకమ్మే. అది ఎప్పుడూ కొంగలాగా ఒంటికాలి మీద నిలబడుతుంది, కొలతలు వంకర రాక ఏమవుతాయి? మాస్టారికి పెళ్ళి కాలేదని చెప్పిన టేపే కదా ఇదీ చెప్పింది! కొలత చూసి జాతకం చెప్పడం ఇక ఆపెయ్ బాబాయ్. పిల్లలకి ఎలుక తెగ నచ్చింది. పొట్ట జిప్పు అప్పుడే రెండుసార్లు తెగింది.

పొట్ట పట్టుకుని నవ్వుతున్న
నీ కూతురు

*

ఫిబ్రవరి 26

అమ్మడూ,

మాస్టారి విషయంలో నేను తప్పు. ఒప్పుకున్నాను. ఈ ఉత్తరంలో మీ పిన్ని రాతలేమీ లేవు, నేను కొట్లో కూర్చుని రాస్తున్నాను.

పదిహేడో నంబరు విషయంలో నేను తప్పు కాదు. పిల్లలు చేసిన తప్పులు నీ కాగితం నిండా ఉన్నాయి. తప్పు కొలత ఒకసారి అటు పోతుంది, ఒకసారి ఇటు పోతుంది. ఆ పిల్లని ముగ్గురు పిల్లలు మూడు చోట్ల కొలిచారు, మూడుసార్లూ కుడివైపే తగ్గింది. ఒకే వైపు పోయే తప్పు తప్పు కాదు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నా దగ్గరికి ఒక పిల్ల వచ్చేది, బేకరీ ఆయన కూతురు. ఆరేళ్ళప్పుడు మొదటి గౌను నేనే కుట్టాను. కుడివైపు అంచు అంగుళం కిందికి దిగింది. నేను చూశాను. చూసి, ఆ వైపు అంగుళం మడిచి కుట్టాను, గౌను తిన్నగా కనపడింది. వాళ్ళమ్మ మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. ఏటేటా అలాగే కుట్టాను. భుజంలో కాస్త దూది, అంచులో కాస్త మడత. నా అంత బాగా దాచే టైలరు లేడని పేరొచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకి ముప్పై దాటాయి. నడుము నొప్పితో రోజులో సగం మంచం మీదే ఉంటుంది. చిన్నప్పుడే ఎవరైనా చూసి చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు అన్నాడట. చూసినవాణ్ణి నేనే. చెప్పనివాణ్ణీ నేనే.

ఆ పిల్లని చెప్పులు లేకుండా గోడకి ఆనించి నిలబెట్టి నువ్వే కొలువు. రెండు కాళ్ళ మీదా.

బాబాయి

*

మార్చి 5

బాబాయ్,

నీ ఉత్తరం అందిన పూటే కొలిచాను. నా మీద నాకే కోపం వచ్చింది, అది తర్వాత చెబుతాను.

డ్రిల్లు మాస్టారు కూడా వచ్చారు. ఎందుకమ్మని గోడకి ఆనించి నిలబెట్టి, తుంటి మీద నుంచి అడ్డంగా పలక పట్టుకున్నాం. పలక ఒక పక్కకి వాలింది. మాస్టారు జేబులోంచి గోళీ తీసి దాని మీద పెట్టారు. గోళీ కుడివైపుకి దొర్లి కింద పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అటే పడింది. పిల్ల చప్పట్లు కొట్టి, "ఇంకోసారి, ఇంకోసారి!" అంది. మాస్టారు గోళీ ఏరి జేబులో వేసుకున్నారు. ఎనిమిది నెలలుగా ఆయన దాన్ని "కాళ్ళు తిన్నగా పెట్టు, వరస చెడగొట్టకు" అని కేకలేస్తున్నారు.

వాళ్ళమ్మకి కబురు పంపాను. ఆవిడ తపాలా ఆఫీసులో పని చేస్తుంది, ముద్ర కొట్టినట్టు మాట్లాడుతుంది.

"మా పిల్లకి వంకలు పెట్టడానికా పిలిచారు?"

"వంక కాదండీ, కొలత."

"ఎవరు కొలిచారు?"

"ముందు పిల్లలు కొలిచారు. తర్వాత మా బాబాయి చూశాడు."

"మీ బాబాయి డాక్టరా?"

"టైలరండీ."

ఆవిడ లేచి వెళ్ళిపోబోయింది. నేను ఏం చెప్పాలో తెలియక నీ ఉత్తరం తీసి ఆవిడ చేతిలో పెట్టేశాను. నిన్ను అడక్కుండా ఇచ్చాను, క్షమించు. నిలబడే చదివింది. బేకరీ ఆయన కూతురి దగ్గరికొచ్చేసరికి కూర్చుంది. "ఇంట్లో అస్తమానం పడుతుంటే నిర్లక్ష్యం అనుకున్నాను. రెండుసార్లు కొట్టాను కూడా" అంది.

మర్నాడు డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. కుడికాలు రెండున్నర సెంటీమీటర్లు పొట్టి. నీ లెక్కా అంతే బాబాయ్, అర సెంటీమీటరు కూడా తేడా లేదు! వెన్ను ఇంకా బాగానే ఉందట, సరైన సమయంలో తెచ్చారన్నాడు. కుడి చెప్పు అడుగున ఎత్తు వేయించాలి, ఆర్నెల్లకోసారి చూపించాలి, పెద్దయ్యాక అవసరమైతే ఇంకేం చెయ్యాలో అప్పుడు చూస్తారు. పరుగెత్తొచ్చు, ఎగరొచ్చు. ఎవరు కనిపెట్టారని అడిగి, చెబితే నవ్వాడు. తర్వాత నువ్వు ఇరవైన రాసిన ఉత్తరం తీసుకుని ఆ మూడు కొలతలూ చదివి, "ఈ టైలరుగారికి నా నమస్కారం చెప్పండి" అన్నాడు. చెప్పాను.

ఎందుకమ్మ ఊరుకుంటుందా? "ఎందుకు పొట్టి?" అంది. "కొందరికి అలా ఉంటుందమ్మా" అన్నాడు డాక్టరు. "ఎందుకలా ఉంటుంది?" "పుట్టుకతోనే వస్తుంది." "ఎందుకొస్తుంది?" డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు ఎనిమిది నెలలుగా ఎలా ఉందో ఆయనకి అయిదు నిమిషాల్లో తెలిసింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి తనే తేల్చేసింది: "అమ్మా, నా కుడికాలు పొట్టిది కాదు. ఎడమది ఎక్కువ పెరిగింది. దానికి తొందర."

నువ్వు రాసింది జోకనుకున్నాను బాబాయ్. ఒకటో తరగతి పిల్లలకి ఒంటి గురించి పాఠాలు చెబుతూ, ఎదురుగా ఉన్న ఒంటిని చూడలేదు. పాఠం నేను చెప్పాను, కొలిచింది వాళ్ళు, చదివింది నువ్వు.

నీ అన్నకూతురు

*

మార్చి 9

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెదాలు కదపకుండా చదివాను. వచ్చింది.

నిన్న బేకరీ ఆయన ఇంటికి వెళ్ళాను. ఆ అమ్మాయి మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. చెప్పేశాను. మొదటి గౌను నుంచీ తెలుసని, దాచానని. ఆమె దిండు సర్దుకుంది. తర్వాత, "మీరు కుట్టిన బట్టలేసుకుంటేనే అద్దంలో తిన్నగా ఉండేదాన్ని. అందుకే ఇంకెక్కడికీ వెళ్ళలేదు" అంది. ఇంకాసేపటికి, "అయినా చెప్పి ఉండాల్సింది" అంది. "ఉండాల్సింది" అన్నాను. టీ ఇచ్చారు. తాగి వచ్చాను. వచ్చే వారం మళ్ళీ రమ్మంది, కిటికీ తెరలు కొలవాలట.

కొట్లో ఒక కొత్త పద్ధతి పెట్టాను. ఇప్పుడు ఏ పిల్లల కొలత తీసినా రెండు వైపులా తీసి తల్లికి చూపిస్తున్నాను. నిన్న ఒకావిడ, "మా వాడి చెవులు రెండూ సమానంగా లేవంటారా?" అని కొట్లాటకి వచ్చింది. మీ పిన్ని సర్దిచెప్పింది.

పద్నాలుగున గుండె చిక్కబట్టుకో. పోతే ఇంకొకటి కుట్టి ఇస్తాను.

బాబాయి

అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. డ్రిల్లు మాస్టారికి తమ్ముడెవరైనా ఉన్నాడా? లేకపోతే ఆ డాక్టరు? "నమస్కారం చెప్పండి" అన్నాడంటే పద్ధతైనవాడే. ఛాతీ ఎంత ఉంటుంది? – పిన్ని

*

మార్చి 15

బాబాయ్, పిన్నీ,

డాక్టరుకి అరవైరెండేళ్ళు. ఛాతీ కొలవలేదు.

నిన్న అయిపోయింది! తల్లులు, తండ్రులు, తాతలు, ఒకరి కుక్క కూడా వచ్చింది. ముప్పైయొక్క ఏప్రన్లూ వరసగా నిలబడ్డాయి. ఇరవైరెండో వాడు గుండె బొమ్మకి కళ్ళూ మీసాలూ పెట్టాడు. మాస్టారు కోటు వేసుకుని మధ్యలో నిలబడ్డారు, చేతులు చాచి, బట్టలారేసే కొయ్యలాగా. పాట మొదలైంది, ఒక పక్క "లబ్", ఒక పక్క "డబ్". ఆ చప్పుడుకి ఒక్కొక్కరూ వచ్చి ఒక్కొక్క అవయవం పీకి, అది ఏం చేస్తుందో చెప్పాలి. "ఇది కాలేయం, ఇది చాలా పనులు చేస్తుంది, టీచర్ అన్నీ చెప్పింది, మర్చిపోయాను" అని ఒకడు దాన్ని తెచ్చి పెద్ద టీచరమ్మ చేతిలో పెట్టి పారిపోయాడు. సభ అయ్యేదాకా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. నాకు ఉద్యోగం ఖాయమైందన్న మాట కూడా దాన్ని పట్టుకునే చెప్పింది.

తర్వాత పొట్ట జిప్పు తీశారు. ఎలుక వచ్చింది. వెనక వరసలో ఒక తాత లేచి, "నేను చెప్పలేదూ!" అన్నాడు.

ఆఖర్న పేగు. పిల్లలందరూ పట్టుకుని ఆవరణలోకి నడిచి, ఎంత పొడుగో చూపించాలి. అంతే అనుకున్నాం. కానీ బాబాయ్, కోటు వైపున్న పేగు కొసకి టిచ్ బటన్ కాకుండా నాలుగు వరసల గట్టి కుట్టు వేశావు! పిల్లలు నడవలేదు, పరుగెత్తారు. పేగు పూర్తిగా సాగింది, ఊడిరాలేదు. మాస్టారు "ఆగండి! ఆగండర్రా!" అని అరుస్తూ, ఒక చేత్తో ఊపిరితిత్తులు పట్టుకుని, వాళ్ళ వెనకే పరుగెత్తారు. జనం లేచి నిలబడి ఈలలు. ఆవరణ చుట్టూ ఒక చుట్టు, ముందు గులాబీ రంగు, వెనక పూలగుడ్డ, చివర మాస్టారు.

ఆ పేగు మొదటి కొస పట్టుకున్నది ఎవరో తెలుసా? ఎందుకమ్మ. కొత్త చెప్పులకి వారం రోజులే అయింది. చెప్పులవాడు ఎత్తు ఎంత నున్నగా కలిపాడంటే, చెబితే తప్ప తెలియదు. దాన్ని ముందు నిలబెడదామన్నది మాస్టారే. పడుతుందేమోనని వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. మలుపు దగ్గర తూలింది. పడలేదు. నిలదొక్కుకుని, నవ్వుతూ, అందరినీ ఈడ్చుకుని వచ్చేసింది.

నా దగ్గరికొచ్చి ఆగింది. మొహమంతా ఎర్రగా ఉంది, జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"టీచర్, లోపల ఎవరో ఎగురుతున్నారు!"

"అది నీ గుండే."

"ఎప్పుడూ ఇంత గట్టిగా ఎగరలేదే. ఎందుకు?"

"నువ్వు పరుగెత్తావు కదా."

ఇంకో ప్రశ్న వస్తుందని నేను సిద్ధంగా నిలబడ్డాను. అది మాత్రం కాసేపు చెయ్యి అలాగే పెట్టుకుని వింది. లోపలి చప్పుడు నెమ్మదించింది కాబోలు, మొహం చిన్నబోయింది.

"ఆగిపోతోంది టీచర్. ఉండు, ఇంకోసారి పరుగెత్తి వస్తా" అంది. వెళ్ళిపోయింది.

మీ అమ్మడు